నలభై దాటాక కొత్త పనిలోకి: నల్లగొండ, పాలమూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే పని నాది. కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కుర్రాళ్లే. కూర్చుని తీరిగ్గా మాట్లాడేది మాత్రం నలభై దాటినవాళ్లు. ఫారం కోసమని వస్తారు, అసలు సంగతి ఫీజు కట్టేటప్పుడు బయటపడుతుంది. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి, నేను చెప్పేవి ఇక్కడ రాశాను. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఎక్కడైనా డబ్బు కట్టే ముందు తాజా నోటిఫికేషన్ ఒకసారి చదువుకోండి, లేదా చదివించుకోండి.

నాకు 43 ఏళ్లు. ఇంక లేట్ అయిపోయినట్టేనా?

దేనికి లేట్ అన్నది ముందు తేల్చుకోవాలి. వయసు హద్దు ఉన్నవి జనం అనుకున్నన్ని లేవు.

2024 గ్రూప్-1 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46 ఏళ్లు పెట్టారు. బీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు ఇంకో 5 ఏళ్లు, దివ్యాంగులకు 10 ఏళ్లు కలిశాయి. కాకపోతే మూల నిబంధనలో ఉన్నది 34 ఏళ్లే, మిగతాదంతా ప్రభుత్వం అప్పటికి ఇచ్చిన సడలింపు. ప్రతిసారీ అంతే ఇస్తారన్న భరోసా లేదు. టెట్ (టీచర్ అర్హత పరీక్ష), ఎడ్‌సెట్ (బీఎడ్ ప్రవేశ పరీక్ష), లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) మూడింటికీ పై హద్దు లేదు. ఐటీఐలో చేరడానికి 14 ఏళ్లు నిండి ఉండాలి, అంతకుమించి వయసు అడగరు. ఓపెన్ స్కూల్ పదో తరగతిదీ అదే లెక్క. జీఎన్ఎం నర్సింగ్ మాత్రం 35 దగ్గర ఆగిపోతుంది. పోలీసు లాంటి యూనిఫాం ఉద్యోగాల సంగతి మరిచిపోవడమే మంచిది.

అంటే కాగితం మీద చాలా తలుపులు తెరిచే ఉన్నాయి. నన్నడిగితే వయసు కన్నా పెద్ద చిక్కు, మధ్యలో జీతం లేని నెలలు. దాని గురించి కింద చెప్తాను.

ఇన్నేళ్ల అనుభవం వదిలేసి సున్నా నుంచి మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. అలా మొదలుపెట్టకపోతేనే నయం. నేను చూసినంతలో నలభై దాటాక మారి నిలదొక్కుకున్నవాళ్లు ముక్కూమొహం తెలియని పనిలోకి దూకినవాళ్లు కాదు. తమ పరిచయాలు, తమకున్న తెలివి ఎక్కడ చెల్లుతాయో అక్కడికి ఒక అడుగు పక్కకు జరిగినవాళ్లు.

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లు గుమాస్తాను ఒకాయన్ను తీసుకోండి. గుప్పెడు వడ్లు అరచేతిలో పోసుకుని, రెండు గింజలు పంటి కింద వేసి కొరికి, తేమ 17 శాతం లోపుందో, దాటిందో చెప్పేస్తాడు. కొనుగోలు కేంద్రంలో మీటర్ చూపించే అంకె ఆయన మాటకు అటూఇటుగానే ఉంటుంది. ఆయన వచ్చి "కంప్యూటర్ కోర్సు చేస్తా, డేటా ఎంట్రీ ఉద్యోగం చూడు తమ్ముడూ" అన్నాడు. ఆ ఉద్యోగంలో ఇరవై ఏళ్ల పిల్లలతో పోటీ పడాలి, ఆయన వేళ్లు అంత వేగంగా నడవవు. అదే కంప్యూటర్ కాస్త నేర్చుకుని, జీఎస్టీ బిల్లులు చేయడం తెలిస్తే, మిల్లుల దగ్గర, ధాన్యం వ్యాపారుల దగ్గర ఆయనకు సాటి వచ్చేవాడు ఉండడు. కోర్సు అదే కావచ్చు, దాన్ని తీసుకెళ్లి ఏ పని పక్కన పెడుతున్నారన్నదే తేడా.

కాబట్టి ఏ కోర్సు చేయాలని అడిగే ముందు ఒక కాగితం తీసుకుని, "నన్ను పేరు పెట్టి పిలిచి పని అప్పజెప్పే వాళ్లెవరు" అని రాసుకోండి. పది పేర్లు రాకపోతే ఇంకో ఏడాది పాత పనిలోనే ఉండి ఆ పేర్లు సంపాదించండి.

ఉద్యోగం మానేసే ముందు చేతిలో ఎంత ఉండాలి?

ఆరు నెలల ఇంటి ఖర్చు అని అందరూ చెప్తారు. మన దగ్గర అది చాలదని నా అభిప్రాయం. ఎందుకంటే మనం ఇంటి ఖర్చు అంటే కిరాణా, కరెంటు, కిరాయి అని లెక్కపెడతాం. చిట్టీ వాయిదా, గోల్డ్ లోన్ వడ్డీ, జూన్‌లో స్కూలు ఫీజు, దసరాకు బట్టలు, దగ్గరి చుట్టాలింట్లో పెళ్లి, నాన్న బీపీ మాత్రలు ఆ లెక్కలోకి రావు. ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టుకుని గడిచిన ఏడాది మొత్తం రాయండి. నెలవారీ అనుకున్న ఖర్చుకు, అసలు ఖర్చుకు ఎంత తేడా ఉందో అప్పుడు కళ్లకు కడుతుంది.

చిట్టీ ఎత్తి ఆ డబ్బుతో ఉద్యోగం మానేసినవాళ్లున్నారు. ఎత్తిన చిట్టీ అంటే అప్పే. మిగిలిన నెలలన్నీ కట్టాల్సిందే కదా.

భార్యను ఒప్పించేది ఎట్లా?

ఈ ప్రశ్న మగవాళ్లే అడుగుతారు. ఆడవాళ్లు "మా ఆయన్ను, మా అత్తమ్మను ఎట్లా ఒప్పించాలి" అని అడుగుతారు. రెండింటికీ జవాబు ఒకటే: ఒప్పించాలని కూర్చోకండి, పైన చెప్పిన ఖర్చుల పుస్తకం వాళ్ల చేతే రాయించండి. వాళ్ల భయమంతా ఆ పుస్తకంలోనే ఉంటుంది. ఫలానా నెల దాకా చూస్తా, కుదరకపోతే మళ్లీ పనికి పోతా అని తేదీతో సహా చెప్పండి. తేదీ లేని మాటను ఇంట్లో ఎవరూ నమ్మరు, నమ్మకపోవడంలో తప్పు కూడా లేదు.

చౌటుప్పల్ దగ్గర ఫార్మా కంపెనీలో 12 ఏళ్లు షిఫ్టులు చేశాను. మానేస్తే పీఎఫ్ మొత్తం తీసేసుకోవచ్చా?

తొందరపడకండి. పీఎఫ్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి మీ పొదుపు, రెండోది పెన్షన్ పథకం. పెన్షన్ పథకంలో 10 ఏళ్ల సర్వీసు నిండితే ఆ భాగాన్ని ఒకేసారి డబ్బుగా ఇవ్వరు, 58 ఏళ్లు వచ్చాక నెలనెలా పెన్షన్ వస్తుంది. కావాలనుకుంటే 50 తర్వాత ఎప్పుడైనా మొదలుపెట్టుకోవచ్చు కానీ, 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గించి ఇస్తారు. మీకు 12 ఏళ్లు నిండాయి కాబట్టి మీ పెన్షన్ సర్వీసు ఎంతో చూపించే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకోండి. రేపు ఇంకో కంపెనీలో చేరితే ఆ సర్వీసు దీనికి కలుస్తుంది.

ఎవరికైనా పదేళ్లకు కొద్ది నెలలే తక్కువ ఉంటే, రాజీనామా ఉత్తరం జేబులో పెట్టుకుని ఆ నెలలు గడపమంటాను. ఐదేళ్లు నిండకుండా పీఎఫ్ పొదుపు తీస్తే పన్ను కూడా పడుతుంది.

ఇంకొకటి, మనవాళ్లు ఎక్కువగా వదిలేసుకునేది గ్రాట్యుటీ, అంటే పని మానేసేటప్పుడు చేసిన ఏళ్లను బట్టి యజమాని ఇవ్వాల్సిన డబ్బు. వరుసగా 5 ఏళ్లు చేసినవాళ్లకు అది హక్కు. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, ఏళ్ల సంఖ్యతో గుణించాలి. బేసిక్ 20,000 ఉండి 12 ఏళ్లు చేస్తే సుమారు 1,38,000 రూపాయలు. పీఎఫ్ గురించి అడిగేవాళ్లు వందమంది వస్తే, దీని పేరెత్తేవాళ్లు ఇద్దరు ముగ్గురు కూడా ఉండరు. కాంట్రాక్టర్ కింద చేసినవాళ్లకు కాంట్రాక్టర్ ఇవ్వాలి. అడగండి, అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ప్రైవేట్ స్కూల్లో 14 ఏళ్లుగా టీచర్‌ని. ఎమ్మెస్సీ బీఎడ్. జీతం పెరగడం లేదు. ఇంకేం చేయొచ్చు?

కరోనా నాటి సంగతి అందరికీ గుర్తే. బడులు మూతపడి జీతాలు ఆగిపోతే, 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేట్ టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. కూరగాయల బండి పెట్టినవాళ్లు, ఉపాధి హామీ పనికి పోయినవాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. అప్పుడు తగిలిన దెబ్బకే చాలామంది ఈ వృత్తి మీద ఆశ వదులుకున్నారు. అందుకని మీరు అడగడం న్యాయమే.

ఒక దారి టెట్ రాసి డీఎస్సీకి (ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష), గురుకులాలకు ప్రయత్నించడం. 2024 డీఎస్సీలో గరిష్ఠ వయసు 46. రోజంతా బడిలో నిలబడి, సాయంత్రం ట్యూషన్ చెప్పి, రాత్రి చదవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక నోటిఫికేషన్‌కు, రెండోదానికి మధ్య ఏళ్లు గడిచిపోతాయి. దీన్ని ఒక్కటే ఆశగా పెట్టుకోవద్దు.

రెండోది, మీ దగ్గర చదివిన పిల్లల తల్లిదండ్రులు. 14 ఏళ్లంటే తక్కువలో తక్కువ వందల కుటుంబాలు మిమ్మల్ని "సార్" అనో "మేడం" అనో పిలుస్తున్నాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు టీచర్ల వెంట పడేది అందుకే. పదో తరగతి పాసై, శిక్షణ తీసుకుని, ఐసీ-38 అనే పరీక్ష రాస్తే ఏజెంట్ లైసెన్స్ వస్తుంది. కాకపోతే ఇందులో ఒక ముల్లుంది. మొదటి ఏడాది బంధువులు, స్నేహితులు మొహమాటానికి పాలసీ కడతారు, రెండో ఏడాది ఆపేస్తారు, ఎదురుపడితే పక్కకు తప్పుకుంటారు. వాళ్లకు నిజంగా పనికొచ్చే పాలసీ చెప్పే ఓపిక మీకుంటేనే దిగండి.

మూడోది నాకు నచ్చిన దారి: చెప్పే పాఠం అదే ఉంచి వినేవాళ్లను మార్చడం. పాలిటెక్నిక్ ఎంట్రన్స్, గురుకులం ఐదో తరగతి ప్రవేశ పరీక్ష, నవోదయ. వీటికి మండల కేంద్రాల్లో మంచి లెక్కల టీచర్ దొరకడం కష్టం. దేవరకొండ, అచ్చంపేట లాంటి ఊళ్లలో ఒక గది, ఒక బోర్డు ఉంటే చాలు. పెట్టుబడి తక్కువ, పోయినా పెద్దగా పోయేదేమీ లేదు.

48 ఏళ్లకు లా చదివి వకీలు కావచ్చా?

కావచ్చు. ఏదైనా డిగ్రీలో జనరల్ వాళ్లకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉంటే మూడేళ్ల ఎల్ఎల్‌బీకి లాసెట్ రాయొచ్చు. 45 దాటినవాళ్లను వకీళ్లుగా నమోదు చేసుకోకూడదని బార్ కౌన్సిల్ ఒకప్పుడు పెట్టిన నియమాన్ని సుప్రీంకోర్టు 1995లో కొట్టేసింది. నమోదు ఫీజు పేరుతో వేలకు వేలు వసూలు చేయడం కూడా కుదరదని 2024 జూలైలో చెప్పింది. చట్టంలో ఉన్నది 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. నమోదయ్యాక ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి.

చిక్కులు మూడున్నాయి. లా డిస్టెన్స్‌లో లేదు, కాలేజీకి పోవాల్సిందే. ఇంటర్ చదవకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లను లా కోర్సులోకి తీసుకోరు. మన జిల్లాల్లో అలా డిగ్రీ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు ముందు ఈ ముక్క గమనించాలి. మూడోది, ఉద్యోగంలో ఉండగా వకీలుగా నమోదు చేసుకోకూడదు.

సంపాదన మాటకొస్తే, సీనియర్ దగ్గర మొదటి రెండు మూడేళ్లు చేతి ఖర్చులకు వస్తే గొప్ప. అయితే పెద్ద వయసులో నల్లకోటు వేసుకున్నవాళ్లలో తొందరగా కుదురుకునేది రెవెన్యూలో, సర్వేలో, రిజిస్ట్రేషన్ల దగ్గర పనిచేసి వచ్చినవాళ్లు. పహాణీ, సేత్వార్, ఫైసల్ పట్టీ లాంటి పాత భూమి రికార్డులు చదవగలిగినవాడికి భూమి తగాదాలున్న జిల్లాలో పని వెతుక్కోవాల్సిన అవసరం రాదు.

మాది మగ్గం పని. పిల్లలు వద్దంటున్నారు, నేనూ మానేసి ఏదైనా షాపులో చేరనా?

పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట నాలుగు చోట్ల నుంచీ ఇదే ప్రశ్న వస్తుంది. మగ్గం మీద కూర్చుంటే మోకాళ్లు, నడుం పోతాయని, కూలి గిట్టడం లేదని నాకు తెలుసు. మానొద్దని చెప్పే హక్కు నాకు లేదు. కాని షాపులో సేల్స్‌మన్‌గా చేరితే మీకు తెలిసినదాంట్లో పది శాతం కూడా అక్కరకు రాదు.

చిటికి కట్టడం (రంగు అద్దే ముందు నూలుకు ముడులు వేయడం) తెలిసినవాళ్లు, రంగు ఎక్కడ పట్టిందో ఎక్కడ పట్టలేదో చూడగానే చెప్పేవాళ్లు బట్టల దుకాణాలకు కొనుగోలు చేసిపెట్టే పనిలో బాగా రాణిస్తారు. ఒరిజినల్ ఇక్కత్‌కు, ప్రింట్ వేసిన నకిలీకి తేడా పట్టేవాడు కొనేవాళ్లకు కావాలి. చీరను తిరగేసి చూస్తే రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుందని మీకు తెలుసు, హైదరాబాద్‌లో కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. పోచంపల్లికి 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు వచ్చింది. వచ్చేవాళ్లకు మగ్గం చూపించి, వివరించి, చీర అమ్మడం కూడా పనే.

ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు కూడా మగ్గం కుటుంబమే. అమ్మ ఆసు పోయలేక (నేతకు ముందు దారాన్ని చేత్తో మేకుల చుట్టూ తిప్పలేక) భుజం నొప్పితో పడే బాధ చూసి ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన నేత వదిలి దూరం పోలేదు, నేత పక్కనే నిలబడి ఇంకో పని పుట్టించారు.

ఒక హెచ్చరిక: చేతివృత్తుల వాళ్లకు కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో నేత పని లేదు. ఉందని చెప్పి డబ్బులు అడిగేవాళ్లను నమ్మకండి. నేతన్నలకు వీవర్ ముద్ర రుణం వేరే ఉంది, చేనేత, జౌళి శాఖ జిల్లా ఆఫీసులో అడగండి.

ముప్పై ఏళ్లు పుణెలో, ముంబైలో మేస్త్రీ పని చేసి ఊరికి వచ్చాను. నడుం పోయింది. ఇక్కడ ఏం పని చేయను?

పాలమూరు కూలీ కట్టని డ్యామ్ లేదంటారు. కట్టినవాళ్లకు మాత్రం ముసలితనంలో చేతిలో కాగితం ముక్క ఉండదు. ముందు ఆ కాగితాలు చేయించుకోండి. 60 ఏళ్లు నిండకముందు, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉంటే, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఇది కార్మిక శాఖ ఆఫీసులో. విశ్వకర్మ పథకంలో మేస్త్రీ పని ఉంది: ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకు 500 భృతి, పనిముట్లకు 15,000, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల రుణం.

పని విషయానికొస్తే, తట్ట ఎత్తలేకపోయినా గోడ వంకర కనిపెట్టగలరు కదా. ఇళ్లు కట్టించుకునే ఉద్యోగస్తులు సైటు మీద నిలబడలేరు. సిమెంటు ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎన్ని కలిపారు, సజ్జకు క్యూరింగ్ చేశారా లేదా అని చూసిపెట్టే మనిషి వాళ్లకు కావాలి. మహబూబ్‌నగర్, జడ్చర్ల చుట్టుపక్కల లేఅవుట్లలో ఈ అవసరం బాగా ఉంది. మొదట ఒక ఇంటికి తక్కువ డబ్బుకే చేయండి. ఆ ఇల్లు బాగుంటే వాళ్ల పక్కింటివాళ్లు మిమ్మల్ని పిలుస్తారు.

కారు లైసెన్స్ ఉంది. డ్రైవింగ్‌లోకి దిగనా?

లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ ఉన్నవాళ్లు మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న రవాణా వాహనాలు కూడా నడపవచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చిన్న గూడ్స్ బండ్లకు అది సరిపోతుంది. 40 దాటినవాళ్లు లైసెన్స్ పనులకు డాక్టర్ సంతకంతో ఫారం 1-ఏ పెట్టాలి. కంటి చూపు ముందే చూపించుకోండి, రాత్రిపూట ఎదురు లైట్లు కొట్టినప్పుడు తేడా తెలుస్తుంది.

సొంత కారు ఫైనాన్స్‌లో తీసి క్యాబ్‌కు పెట్టొద్దు. మొదటి ఆరు నెలలు ఇంకొకరి బండి నడపండి. నెలకు ఎంత మిగులుతుందో, టైర్లకు, ఇన్సూరెన్స్‌కు ఎంత పోతుందో, ఎన్ని రోజులు బండి ఖాళీగా ఉంటుందో తెలిశాక కొనుక్కోవచ్చు.

అమీర్‌పేటలో నాలుగు నెలల కోర్సు చేస్తే సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం వస్తుందా? నాకు 41.

కోర్సు వస్తుంది, ఉద్యోగం చాలా కష్టం. దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టి, బ్యాక్‌డోర్‌లో చేర్పిస్తామని లక్షలు అడుగుతారు. అది మోసమే, పట్టుబడితే మీదే పరువు పోతుంది. బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, గోదాములోనో పదేళ్లు పనిచేసి ఉంటే మాత్రం ఆ రంగానికి వాడే సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. దానికి మీ అనుభవం తోడవుతుంది.

వ్యాపారం పెడతాను. సబ్సిడీ లోన్ వస్తుందా?

పీఎంఈజీపీ అని కొత్త యూనిట్లకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం ఉంది. వయసు 18 దాటితే చాలు. తయారీ యూనిట్లకు 50 లక్షల దాకా, సేవలకు 20 లక్షల దాకా ప్రాజెక్టు ఖర్చు చూపించవచ్చు. ఒక లెక్క చెప్తాను. నకిరేకల్ పక్క పల్లెలో బీసీ మహిళ ఒకామె 10 లక్షలతో పిండి, కారం మిల్లు పెడుతుందనుకోండి. ఆమె చేతి నుంచి 5 శాతం, అంటే 50,000. మిగతా 9.5 లక్షలు బ్యాంకు. పల్లెలో, మహిళ కాబట్టి సబ్సిడీ 35 శాతం, 3.5 లక్షలు. జనరల్ మగవాళ్లకు అదే పల్లెలో 25 శాతం, పట్టణంలో 15, చేతి నుంచి పెట్టేది 10 శాతం.

జనం పొరపడేది ఇక్కడే. ఆ 3.5 లక్షలు చేతికి రావు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటాయి, యూనిట్ నడుస్తుంటే తర్వాత అప్పులో సర్దుతారు. మూతేస్తే పోతాయి. పాత షాపుకు ఇది వర్తించదు, కొత్తదే అయి ఉండాలి, కుటుంబానికి ఒకటే. జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఆన్‌లైన్ దరఖాస్తు ఉచితం. ప్రాజెక్టు రిపోర్టు రాసివ్వడానికి మధ్యలో వాళ్లు వేలల్లో అడుగుతారు, మీ లెక్క మీరే చెప్పగలిగితే ఆ రిపోర్టు పెద్ద విద్యేం కాదు. బ్యాంకు మేనేజర్ అడిగేది కూడా "సరుకు ఎవరికి అమ్ముతావమ్మా" అనే.

హైదరాబాద్ ఉద్యోగం మానేసి ఊళ్లో వ్యవసాయం చేద్దామని ఉంది.

నల్లగొండ వాళ్లు బత్తాయి తోట వేస్తామంటారు. మొక్క పెట్టాక కాపు మొదలవడానికి నాలుగైదేళ్లు పడుతుంది, అప్పటిదాకా అంతర పంటే దిక్కు. బోర్లు ఎండిపోయి కాసే చెట్లను నరుక్కున్న రైతుల్ని మన జిల్లా చూసింది. నీళ్ల లెక్క తేలకుండా తోట వేయకండి. కంపాసాగర్, గడ్డిపల్లి, పాలెం, మదనాపురంలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, మీకు దగ్గరున్నదానికి మట్టి, నీరు పట్టుకుని వెళ్లండి. వీకెండ్ రైతుగా రెండు సీజన్లు చేశాక కూడా ఇష్టం మిగిలుంటే రాజీనామా గురించి ఆలోచించవచ్చు.

పెళ్లయ్యాక ఇరవై ఏళ్లు ఇంట్లోనే ఉన్నాను. పదో తరగతి ఫెయిల్. ఇప్పుడేం చేయగలనన్నా?

ముందు పది పూర్తి చేయండమ్మా. తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో చేరొచ్చు, రోజూ బడికి పోనక్కర్లేదు. పది లేక ఆగిపోయే పనులు చాలా ఉన్నాయి. ఇన్సూరెన్స్ లైసెన్స్‌కు కూడా అదే అడుగుతారని పైన చెప్పాను కదా. ఆ తర్వాత ఇంటర్ కూడా అక్కడే చదవొచ్చు, డిగ్రీకి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. 1982లో పెట్టిన ఆ యూనివర్సిటీ దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ.

పొదుపు సంఘంలో ఇన్నేళ్లు లెక్కలు రాసినవాళ్లు, బ్యాంకులో మాట్లాడి లోన్ తెచ్చినవాళ్లు "నాకేం రాదు" అంటుంటే నాకు కోపం వస్తుంది. 2024లో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాం కుట్టే పని సంఘాలకే ఇచ్చారు, కలెక్టరేట్లలో క్యాంటీన్లూ సంఘాలే నడుపుతున్నాయి. మిషన్ నేర్చుకోవాలంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో సహా ఉచితం. పోచంపల్లి మండలం జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ కూడా ఉంది. బ్యాచ్ ఎప్పుడో, వయసు ఎంతవరకో ముందే అడిగి వెళ్లండి.

ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి పక్కన వ్యాపారం చేయొచ్చా?

మీ పేరు మీద కుదరదు, ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. భార్య పేరు మీద పెట్టి మీరే నడిపినా ఫిర్యాదు వస్తే చిక్కే. 20 ఏళ్ల సర్వీసు నిండితే స్వచ్ఛంద పదవీ విరమణ అడగవచ్చు. 2021 నుంచి రిటైర్మెంట్ వయసు 61 కాబట్టి, ఈ తొందర ఎందుకో ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

కొత్త ఆఫీసులో మా తమ్ముడి వయసు వాడిని సార్ అనాలంటే మనసొప్పడం లేదు.

అనండి, ఏం పోదు. వారం రోజుల్లో అలవాటవుతుంది. ఎక్కువమంది కుర్ర మేనేజర్లు వాళ్లే "అన్నా" అని పిలుస్తారు. అసలు ఇబ్బంది పిలుపు దగ్గర కాదు, వాడు తప్పు చెప్పినప్పుడు నలుగురిలో "మా రోజుల్లో" అని మొదలుపెట్టడం దగ్గర. పక్కకు పిలిచి చెప్పండి.

ఇంట్లో కూర్చుని టైపింగ్ పని, నెలకు 25,000 అని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

కాదు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతారు, తర్వాత పని తప్పుగా చేశారని లీగల్ నోటీసు పేరుతో బెదిరిస్తారు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మేలు. విదేశాల్లో పని అంటే లైసెన్స్ ఉన్న ఏజెంటేనా అన్నది కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ దాటకూడదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా వెళ్లవచ్చు.

దరఖాస్తుకు వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

పదో తరగతి మెమో, ఆధార్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్, పాత పనికి సంబంధించి ఉన్న ఏ కాగితమైనా. మెమోలో, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇంట్లోనే చూసుకుని రండి. పెద్దవాళ్ల దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే, కాబట్టి మెమో ప్రకారమే మార్పించండి. మెమో పోయి ఉంటే చదివిన బడి హెడ్‌మాస్టర్‌ను కలిసి, ఆయన ద్వారా ఎస్సెస్సీ బోర్డుకు డూప్లికేట్ కోసం పెట్టుకోండి. అది రావడానికి టైమ్ పడుతుంది, నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తితే అందదు.